బిజినెస్ లా చదువుతామంటున్న మా పిల్లలకు

తిరుపతి

పిల్లలూ,

ఇంటర్ అయ్యాక లా చదువుతామని, అందులోనూ బిజినెస్ లా స్పెషలైజేషన్ తీసుకుంటామని అన్నారు. సంతోషం. అయితే మీ మాటల్లో హైదరాబాద్, బెంగళూరు, పెద్ద కంపెనీల విలీనాలు తప్ప వేరే సంగతే వినపడలేదు. ఆ పని ఉంది, జీతమూ బాగానే ఉంటుంది. కానీ అక్కడికి వెళ్లినా రోజూ చేతిలో ఉండేది 1872 నాటి కాంట్రాక్టు చట్టమే. అది ఒంటబట్టనివాళ్లు కంపెనీల చట్టం ఎంత బట్టీ పట్టినా, ఒప్పందం కాగితం చేతికిస్తే దిక్కులు చూస్తారు.

చదువు సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇంటర్ తర్వాత అయితే ఐదేళ్లు, డిగ్రీ తర్వాత అయితే మూడేళ్లు. మన రాష్ట్రంలో రెండింటికీ లాసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. నేషనల్ లా యూనివర్సిటీల్లో ఎక్కువ వాటికి క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. కాంట్రాక్టు లా, కంపెనీ లా ఎల్‌ఎల్‌బీలో అందరూ చదివేవే. స్పెషలైజేషన్ అనేది చివరి ఏళ్లలో మీరు ఎంచుకునే పేపర్లతో మొదలై, ఆ తర్వాతి పీజీ అయిన ఎల్‌ఎల్‌ఎంలో గట్టిపడుతుంది. కాబట్టి ఇప్పుడే తేల్చుకోవాలని టెన్షన్ పడొద్దు.

అసలు ఈ చట్టాలు మన ఇంట్లో వాడుకలో ఉన్నవే. అవ్వ ఎవరికైనా అప్పిస్తే, మూడేళ్లు నిండకముందే ఎంతో కొంత కట్టించుకుని, ప్రోనోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటుంది కదా? అది దావా వేయడానికి గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్. చెల్లు పడిన రోజు నుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలవుతుంది. అవ్వ లా కాలేజీ గడప తొక్కలేదు, గడువు మాత్రం ఎన్నడూ దాటనివ్వలేదు.

మీలో పద్దెనిమిది నిండనివాళ్లు ప్రోనోటు రాసిస్తే అది చెల్లదు. 1903లో మోహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి అప్పీలు అక్కడికే) ఈ సంగతి తేల్చేసింది. కలకత్తాలో ఒక మైనర్ ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటే ఆ తాకట్టే చెల్లలేదు, అప్పిచ్చినవాడికి డబ్బు కూడా తిరిగి రాలేదు. (ఇది చదివి స్నేహితుల దగ్గర చేబదుళ్లు మొదలుపెట్టకండి.)

చెక్కు బౌన్సు కేసులు మన కోర్టుల్లో కోకొల్లలు. బ్యాంకు నుంచి కబురందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి, అందుకున్నవాడికి డబ్బు కట్టడానికి 15 రోజులు ఇవ్వాలి, అప్పటికీ కట్టకపోతే నెలలోపు ఫిర్యాదు వేయాలి. కేసంతా ఈ లెక్క మీదే నిలుస్తుంది. నోటీసు ఆలస్యమై మంచి కేసు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఇద్దరు స్నేహితులు కలిసి లాడ్జి పెట్టారనుకోండి. భాగస్వామ్యాన్ని రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదని చట్టమే అంటుంది. మంచిదేగా అని ఊరుకుంటారు. తీరా బాకీ ఉన్న ఏజెంటు మీద దావా వేద్దామంటే భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ అడ్డొస్తుంది: రిజిస్టర్ కాని సంస్థ తన ఒప్పందం అమలు కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. బలవంతం చేయకుండానే దారికి తెచ్చే ఈ తెలివి నాకు భలే ఇష్టం.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు తెలుసు కదా. వాటికి అట్టపెట్టెలు చేసిచ్చే చిన్న యూనిట్‌కు నెలల తరబడి డబ్బు రాలేదనుకోండి. అది సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం కింద 45 రోజులు దాటాక చక్రవడ్డీ అడగొచ్చు, అదీ రిజర్వు బ్యాంకు ప్రకటించే రేటుకు మూడింతలు. చట్టం ఇంత గట్టిగా ఉన్నా చాలామంది అడగరు, మళ్లీ ఆర్డరు రాదేమోనని భయం. అక్కడ లాయరు పని దావా వేయడం కన్నా, సరుకు పంపకముందే గడువు, వడ్డీ స్పష్టంగా కాగితం మీద పెట్టించడం. బిజినెస్ లాలో మంచి లాయరు పని ఎక్కువగా కోర్టు బయటే జరుగుతుంది. మన తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు కాపాడేదీ వ్యాపార చట్టమే.

ఇంటర్న్‌షిప్ అనగానే పెద్ద ఫర్ముల వైపు పరిగెత్తకండి. మొదటి సెలవుల్లో ఊళ్లోనే ఒక ఆడిటర్ దగ్గర కూర్చోండి. బ్యాలెన్స్ షీటు చదవడం రాకుండా కంపెనీ లా అర్థం కాదు. తెలుగు దస్తావేజులు చదవడం కూడా నేర్చుకోండి. శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఒప్పందాలు ఇంగ్లీషులో రాసుకున్నా, కింద ఉన్న భూమి పాత కాగితాలు తెలుగులోనే ఉంటాయి.

గైడ్లు పక్కన పెట్టి కాంట్రాక్టు చట్టం బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానాలు లేకుండా చట్టం ఉన్నదున్నట్టు అచ్చేసిన పుస్తకం, కొనండి. మధ్యలో 76 నుంచి 123 దాకా, తర్వాత 239 నుంచి 266 దాకా సెక్షన్లు కనపడవు. అచ్చు తప్పు కాదది. సరుకుల అమ్మకం 1930లో, భాగస్వామ్యం 1932లో విడి చట్టాలై బయటికి వెళ్లాయి. ఈ సెలవుల్లో మొదటి 75 సెక్షన్లు, ఒక్కో దాని కింద ఇచ్చిన ఉదాహరణలతో సహా చదవండి. అర్థం కానివి రాసిపెట్టుకుని ఆదివారం రండి. కోర్టు రోజుల్లో మాత్రం ఫోన్ చేయొద్దు, ఎత్తను.

మీ పెద్దమ్మ