కువైట్ నుంచి వచ్చేస్తే కేసు పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరు కోర్టులో పదిహేడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. లీగల్ ఎయిడ్ ప్యానెల్‌లో ఉన్నాను కాబట్టి గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లి అత్యాచారానికి గురైన ఆడవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. చెన్నైలో దిగి, బస్సెక్కి ఊరు చేరిన ఎన్నో నెలలకు గాని నోరు విప్పరు. ఈలోపు ఊళ్లో తలా ఒక సలహా ఇచ్చేసి ఉంటారు. నాకు ఎక్కువగా వినపడేవి ఇవి.

అపోహ: పరాయి దేశంలో జరిగినదానికి ఇక్కడ కేసు కట్టరు.

వాస్తవం: చేసినవాడు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే నేను మొదట అడిగే మాట, "వాడు మనవాడా, అక్కడివాడా?" అని.

భారత పౌరుడైతే ఏ దేశంలో నేరం చేసినా మన శిక్షల చట్టం భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. కేసు ఇక్కడే నమోదు చేయొచ్చని, కేసులు నడిపే పద్ధతి చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 208వ సెక్షన్ చెబుతోంది. "మా పరిధి కాదమ్మా" అని స్టేషన్‌లో అంటే 173వ సెక్షన్ గుర్తుచేయండి. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటాం. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే కేసే కట్టకూడదని కొందరు వాదిస్తారు. 2011లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఆ కేసు మన ప్రాంతానిదే. మేదరమెట్ల స్టేషన్‌లో నమోదై, అద్దంకి కోర్టుకు వెళ్లిన వరకట్న వేధింపుల కేసు, భర్త ఉన్నది ఆఫ్రికాలోని బోట్స్వానాలో. అనుమతి విచారణ నడపడానికి కావాలి గాని కేసు తీసుకోవడానికి అక్కర్లేదని తీర్పు వచ్చింది.

చేసినవాడు ఆ దేశస్థుడైతే మాత్రం మన కోర్టు చెయ్యి అంతదూరం చాచలేదు. న్యాయం అక్కడే అడగాలి. ఈ మాట మొదటిరోజే చెప్పేస్తాను, లేనిపోని ఆశ పెట్టడం నా వల్ల కాదు. అయితే మోసపుచ్చి పంపిన ఏజెంట్ ఇక్కడివాడే కదా. విజిట్ వీసా మీద ఇంటిపనికి పంపినా, అత్యాచారం జరిగే ఇల్లని తెలిసే పంపినా వాడి మీద కేసు ఇక్కడే నడుస్తుంది. రెండోది రుజువైతే మనుషుల అక్రమ రవాణా, కనీసం ఏడేళ్లు జైలు.

అపోహ: అక్కడ కంప్లైంట్ ఇస్తే మనల్నే జైల్లో వేస్తారు.

వాస్తవం: ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. పెళ్లికి బయటి సంబంధాన్ని నేరంగా చూసే చట్టం కువైట్, ఖతర్‌లలో ఉంది. 2013లో దుబాయ్‌లో అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసిన నార్వే మహిళకే 16 నెలల శిక్ష వేశారు. ప్రపంచమంతా గోల చేశాక క్షమాభిక్ష ఇచ్చి వదిలారు. అలాగని నోరు మూసుకోమని కాదు, ఒంటరిగా వెళ్లొద్దని. ముందు మన ఎంబసీకి చేరాలి. కువైట్‌లోని మన ఎంబసీకి ఇంటిపని ఆడవాళ్ల కోసం షెల్టర్ ఉంది. లాయర్ ఖర్చుకు, టికెట్‌కు ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఉంది. వాళ్లతో కలిసి పోలీసుల దగ్గరికి వెళ్లండి. మొదటి వాంగ్మూలంలోనే "బలవంతంగా" అన్న మాట పడాలి. సేట్ (పనిచేసే ఇంటి యజమాని) తరఫు మనిషినో, ఏజెంట్ మనిషినో అనువాదానికి ఒప్పుకోవద్దు. ఏం రాశారో తెలియని అరబ్బీ కాగితం మీద సంతకం అసలొద్దు.

ఇల్లు వదిలిన రోజే ఎంబసీకి చెప్పడం ఎందుకు ముఖ్యమంటే, మరుసటిరోజుకల్లా సేట్ "పారిపోయింది" అని కేసు పెట్టేస్తాడు. ఆమె ఫోన్ లాక్కుంటే ఇంటి దగ్గరవాళ్లు విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. నంబరు వస్తుంది. ఫిర్యాదు పెట్టిన ఆ తేదీ ముందుముందు చాలా పనికొస్తుంది.

అపోహ: పాస్‌పోర్టు సేట్ దగ్గరుంటే రాలేం.

వాస్తవం: రావచ్చు. ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు. కానీ అక్కడ కేసు నడుస్తుంటే విమానం ఎక్కేముందే అక్కడి లాయర్‌కు పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున కేసు నడిపే అధికారపత్రం) ఇచ్చి రండి. ఇక్కడికి వచ్చాక పంపాలంటే నోటరీ, విదేశాంగ శాఖ, మన దేశంలోని కువైట్ ఎంబసీ అని ముద్రల కోసం తిరిగి తిరిగి విసిగిపోతారు.

అపోహ: మొగుడే కదా, అది రేప్ ఎలా అవుతుంది?

వాస్తవం: మన చట్టంలో భర్తకు ఇంకా ఆ మినహాయింపు ఉంది, సిగ్గుపడాల్సిన విషయం. అమెరికాలో 1993 నాటికే అన్ని రాష్ట్రాల్లోనూ భార్యను బలవంతం చేయడం నేరమైంది, ఇంగ్లాండ్‌లో 1991లో. డిపెండెంట్ వీసా (భర్త వీసాను ఆధారం చేసుకుని ఇచ్చేది) మీద వెళ్లిన అమ్మాయిలకు ఇది తెలియక "వీసా పోతుంది" అన్న బెదిరింపుకు లొంగిపోతున్నారు. పోలీసులకు సహకరించే బాధితులకు అమెరికాలో యు వీసా అని విడిగా ఉంది. ఏడాదికి పదివేలే ఇస్తారు, క్యూ చాలా పెద్దది. అయినా దారి ఉంది.

అపోహ: చాలా రోజులైపోయింది, పేరు బయటపడుతుంది, లాయర్‌కు డబ్బు లేదు.

వాస్తవం: అత్యాచారం కేసు పెట్టడానికి మన చట్టంలో గడువు లేదు. పేరు బయటపెట్టినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లీగల్ ఎయిడ్ ఉచితం, 15100కు ఫోన్ చేయండి.

అపోహ: నా దగ్గర సాక్ష్యమేమీ లేదు.

వాస్తవం: వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. ఉదయగిరి వైపు నుంచి ఒకామె తల్లితో వచ్చింది. చేసినవాడు అదే ఇంట్లో పనిచేసే డ్రైవర్, మన జిల్లావాడే. "ఏమన్నా కాగితాలున్నాయా అమ్మా?" అంటే లేవంది. లేస్తూ లేస్తూ సంచిలోంచి బట్టల కొట్టు కవరు తీసి, "ఇయ్యి పారెయ్యమంటారా మేడమ్?" అని అడిగింది. అందులో నలిగిన అరబ్బీ చీటీ ఒకటి. చదివించాం. అది జరిగిన మర్నాటి తేదీ, అక్కడి ఆసుపత్రి ముద్ర, ఆమె సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) నంబరు, దెబ్బల వివరం అన్నీ ఉన్నాయి. కేసు దాని మీదే నిలబడింది. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు కూడా ఉన్నాయి. పాత ఫోన్ అమ్మకపోవడం మా అదృష్టం.

ఆ రోజు కట్టుకున్న నైటీ కూడా ఆమె జాగ్రత్తగా మడిచి తెచ్చుకుందట. అలాంటివి ఉతక్కుండా, ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితంలో చుట్టి ఉంచాలి. సూట్‌కేసు విప్పిన రోజే వాళ్లమ్మ దాన్ని మిగతా బట్టలతోపాటు నానబెట్టేసింది.