కరెస్పాండెన్స్ చెస్‌లో ఓపెనింగ్: అపోహలు - వాస్తవాలు

కరెస్పాండెన్స్ చెస్ అంటే ఎదురెదురుగా కూర్చోకుండా, ఒక్కో ఎత్తుకు రోజుల తరబడి సమయం తీసుకుని ఉత్తరాల్లోనో ఆన్‌లైన్‌లోనో ఆడే చదరంగం. ఓపెనింగ్ అంటే ఆటలోని తొలి ఎత్తులు.

అపోహ: పుస్తకం చూస్తూ ఆడే ఆటలో ఓపెనింగ్‌కు ప్రతిభ అక్కర్లేదు.

వాస్తవం: ఆ పుస్తకం ఎదుటివాడి దగ్గరా ఉంటుంది. అసలు పని అది ఆగిపోయిన చోట మొదలవుతుంది. 1965లో మొదలైన ఐదో ప్రపంచ కరెస్పాండెన్స్ చాంపియన్‌షిప్‌లో సోవియట్ ఆటగాడు ఎస్ట్రిన్, అమెరికన్ ఆటగాడు బెర్లినర్ ఆడిన గేమ్‌ను ఒక్కో ఎత్తూ వేసి చూడండి. టూ నైట్స్ డిఫెన్స్ అనే ఓపెనింగ్ అంటే ఎస్ట్రిన్‌కు కొట్టినపిండి. నల్లపావులతో ఆడుతున్న బెర్లినర్ సరిగ్గా అందులోకే దిగాడు. పదో ఎత్తులో తెల్లబంటు ఎఫ్3 గడికి వచ్చి జి4లోని శకటును బెదిరించింది. డి4లోని గుర్రం మీద అప్పటికే సి3 బంటు గురి ఉంది. బెర్లినర్ రెండింటినీ కాపాడుకోకుండా తన బంటును ఇ4కు తోశాడు! గుర్రం పోయింది. కానీ ఆ బంటు తప్పుకోగానే రెండో శకటు డి6కు వచ్చి హెచ్2 వైపు చూసే దారి తెరుచుకుంది. చివరికి 42 ఎత్తుల్లో, ఏనుగులు మిగిలిన ఎండ్‌గేమ్‌లో బెర్లినర్ గెలిచాడు. టైటిలూ ఆయనదే. ఓపెనింగ్ పరిశోధన అంటే ఏమిటని ఎవరడిగినా నేను ముందు చూపించేది ఈ గేమే.

అపోహ: ఇంజిన్ (ఎత్తులను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) వాడితే మోసం.

వాస్తవం: ఎక్కడ ఆడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. అంతర్జాతీయ కరెస్పాండెన్స్ చెస్ సమాఖ్య ఐసీసీఎఫ్ ఇంజిన్లను అనుమతిస్తుంది. లిచెస్, చెస్.కామ్ వెబ్‌సైట్‌లలో ఓపెనింగ్ పుస్తకాలు చూడొచ్చు, ఇంజిన్ మాత్రం నిషేధం. మొదటి ఎత్తుకు ముందే నియమాలు చదవండి.

అపోహ: ఇంజిన్ ఉంటే మనిషికి పనేముంది?

వాస్తవం: ఇప్పుడు పైస్థాయి గేముల్లో అత్యధికం డ్రా అవుతున్నాయి. నాలుగైదు ఎత్తులకు ఇంజిన్ ఒకేలా సున్నా, అంటే ఇద్దరూ సమానమని, చూపిస్తుంది. వాటిలో ఏది పావులను బోర్డు మీద నిలుపుతుందో, ఏది మంత్రులను మార్పించి ఆటను చప్పబరుస్తుందో ఎంచుకోవాల్సింది మనమే. గెలవాలనుకునేవాడికి ఓపెనింగ్ ఎంపికే సగం ఆట.

అపోహ: పాత గేముల డేటాబేస్‌లో గెలుపు శాతం ఎక్కువున్న ఎత్తే మంచిది.

వాస్తవం: ఆ శాతంలో గడియారం ఒత్తిడిలో చేసిన పొరపాట్లూ కలిసి ఉంటాయి. వందసార్లు నెగ్గిన లైన్‌ను (ఎత్తుల వరసను) నిన్నటి ఒక్క గేమ్ పడగొట్టి ఉండొచ్చు. నేనైతే శాతాన్ని పక్కన పెట్టి, బలమైన కరెస్పాండెన్స్ ఆటగాళ్లు ఈమధ్య ఆ లైన్ ఆడుతున్నారా, మానేశారా అని చూస్తాను. మానేస్తే, ఎందుకు మానేశారో దొరికేదాకా ఆ ఎత్తు వేయను.