సిగార్ పెట్టె మీది ‘10 ఏళ్లు’ ఏ ఆకుకు?

పెట్టె మీద ‘10 ఏళ్లు నిల్వ చేసిన పొగాకు’ అని బంగారు అక్షరాలు కనబడితే చాలు, సిగార్ మొత్తానికీ పదేళ్లు నిండాయనుకుంటారు. సిగార్లు అమ్మే పనిలో నాకు పదే పదే ఎదురయ్యే అపోహ ఇదే. జేబుకు పెద్ద చిల్లు పెట్టేదీ ఇదే.

సిగార్ అంటే పైన చుట్టే రాపర్ ఆకు, దాని కింద పట్టి ఉంచే బైండర్ ఆకు, లోపల నింపే రెండు మూడు రకాల ఫిల్లర్ ఆకులు. వాటిలో ఒక్కటి పదేళ్లదైనా పెట్టె మీద ఆ మాట వేసేస్తారు. స్కాచ్ విస్కీ సీసా మీద 12 అని ఉంటే, అందులో కలిపిన వాటిలో అన్నిటికంటే కొత్తదానికైనా 12 ఏళ్లు ఉండాలని చట్టం. సిగార్లకు అందరూ ఒప్పుకున్న అలాంటి లెక్క లేదు. క్యూబా వాళ్లు పరిమితంగా తెచ్చే ఎడిసియోన్ లిమితాదా సిగార్లనే చూడండి. 2000లో మొదలుపెట్టినప్పుడు రెండేళ్లు నిల్వ పెట్టింది రాపర్‌నే. ఫిల్లర్, బైండర్‌కు ఆ షరతు 2007లో గానీ రాలేదు. నయం, వాళ్లు ఏ ఆకో చెప్పారు.

ఒక కంపెనీ ప్రతినిధి ఇలాంటి పెట్టే తెచ్చి ఊదరగొడుతుంటే, “పదేళ్ల ఆకు ఏది?” అన్నాను. “ఫిల్లర్‌లో ఉంది సార్.” “ఎంత?” “అది బ్లెండ్ రహస్యం సార్.” అతని ముందే ఒకటి నిలువునా కోసి పరిచాను. మధ్యలో మందంగా, జిగటగా లిగేరో అనే ఆకు, పక్కన సెకో అనే పల్చటి ఆకు. ఏది ఏ ఏడాది పంటో నాకు తెలియలేదు. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు కూడా.

పైగా పదేళ్లు ఎప్పటినుంచి? కోత నుంచా, మండెల్లో, అంటే ఆకు కుప్పల్లో, మగ్గి బేళ్లకెక్కాకా? అదీ అడగండి. పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందన్నదీ అన్ని ఆకులకూ చెల్లదు. లిగేరోకు ఏళ్లు కావాలి, పల్చటి ఆకు మరీ పాతబడితే చప్పబడుతుంది.

డాక్టర్ మానమన్నాక కొందరు వచ్చి, “పాత ఆకైతే హాని తక్కువటగా?” అని మెల్లగా అడుగుతారు. వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది, ఆ పుకారు పుట్టించినవాళ్ల మీదే నాకు కోపం. గొంతులో మంట తగ్గితే హాని తగ్గినట్టు కాదు. ఆకు మగ్గేటప్పుడే నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలు పెరుగుతాయి, ఎన్నేళ్లు దాచినా అవి మాయం కావు. డాక్టర్ మాటే వినండి.

ఇక మిగతావి. నల్లగా ఉంటే పాతదా? కాదు, మదూరో అనే ఆ ముదురు రంగు ఎక్కువ వేడిలో మగ్గినందుకు వస్తుంది. క్యూబా పెట్టె అడుగున ఉండే నెల, సంవత్సరం ముద్ర సిగార్లను పెట్టెలో సర్దిన నాటిది, ఆకు వయసు కాదు. రాపర్ మీది తెల్లటి పొడి పాతదనానికి గుర్తని అమ్మేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు అది ఉత్త బూజు. నూగులా గుండ్రంగా లేచినా, నీలం రంగో పచ్చ రంగో తగిలినా అది బూజే, అనుమానమే అక్కర్లేదు. వెలిగించే చివరన కూడా కనిపిస్తే ఆ సిగార్ పారేసి, పక్కవాటిని వేరే పెట్టెలోకి మార్చండి.