సంత బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ మొండా మార్కెట్‌లో ఓ మూల స్టూలు వేసుకుని నీటిరంగులతో బొమ్మలు వేస్తుంటాను. వెనక నిలబడి చూసేవాళ్ళు అనే మాటలే ఇవన్నీ.

అపోహ: నీడంటే నలుపే కదా!
వాస్తవం: మొన్నటిదాకా నా పెట్టెలో నల్లరంగు ట్యూబే లేదు. మార్కెట్లో నీడంతా ప్లాస్టిక్ పట్టాల కిందిది. ఎండ వాటిలోంచి వడకట్టుకుని దిగుతుంది. నీలం పట్టా కింద మనిషి చెంప, తెల్లచొక్కా, ఉల్లిగడ్డ పొట్టు అన్నిటికీ నీలం అంటుతుంది. టమాటాకి పాపం ఎర్రని వెలుగు సరిగ్గా అందక వంకాయ రంగుకి దిగిపోతుంది. టమాటాలమ్మే కొందరు పైన ఎర్ర గుడ్డ కట్టేది ఇందుకే. నేనైతే కుప్పకంతా బర్న్‌ట్ సియెనా అనే ఎర్రమట్టి రంగులో అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం కలిపి వేస్తాను. అసలు ఎరుపు, ఎండలోకి దొర్లిన ఒక్క పండుకే. చూసేవాళ్ళకి కుప్పంతా ఎర్రగానే కనిపిస్తుంది.

అపోహ: మల్లెపూలకి తెల్లరంగు వేస్తారు.
వాస్తవం: వెయ్యను. చుట్టూ రంగు నింపి అక్కడ కాగితాన్ని వదిలేస్తాను.

అపోహ: ఫొటో తీసుకెళ్ళి ఇంట్లో వేసుకుంటే పోలా?
వాస్తవం: ఎండకి సరిపోయేలా తీస్తే పట్టా కింద చీకటి. పట్టా కింద సరిపోయేలా తీస్తే ఎండంతా తెల్లమచ్చ. కంటికి రెండూ ఆనతాయి. చీరకట్టు, గంప అల్లిక గుర్తుండటానికి ఫొటో నేనూ తీస్తాను. రంగులు మాత్రం అక్కడికక్కడే కాగితం అంచున చుక్కలుగా పెట్టుకుంటాను. ఇక మనుషులంటారా, ఎవరూ కదలకుండా ఉండరు. ఒకామె నడుము, ఇంకొకామె చెయ్యి కలిస్తే నా బొమ్మలో ఒక మనిషి.

అపోహ: సంత బొమ్మలో పాతకాలం కనపడాలి.
వాస్తవం: ఈ మాటకి నాకు ఒళ్ళు మండుతుంది. అయితే నేనూ ఏళ్ళ తరబడి ఎలక్ట్రానిక్ కాటా తీసేసి తక్కెడే వేశాను. ఓసారి ఆకుకూరలమ్మే పెద్దమ్మ బొమ్మంతా చూసి, "అంతా మంచిగనే ఉంది గని, నా స్కానరేది సారూ?" అంది. ఏం చెప్పను?

నెదర్లాండ్స్ చిత్రకారుడు పీటర్ ఆర్ట్‌సెన్ 1551లో వేసిన మాంసం కొట్టు బొమ్మ చూడండి. ముందంతా ఎద్దు తల, సాసేజులు, చేపలు. ఈజిప్టుకి పారిపోతున్న మేరీ, బాలయేసు ఎక్కడో వెనక, చిన్నగా, పేదలకి రొట్టె ఇస్తూ ఉంటారు. పై మూలన, వెనకాల స్థలం అమ్మబడునని ఒక బోర్డు! అది కూడా వదల్లేదాయన.

ఇప్పుడు పెద్దమ్మ కాటా పక్కన ఆ గళ్ళగళ్ళ చదరం కూడా వేస్తున్నాను. దానికోసమే నల్లరంగు ట్యూబు కొన్నాను.