భావం రాయిస్తే పద్యం చెప్పినట్టేనా? పద్య బోధనపై కొన్ని అపోహలు, వాస్తవాలు

తెలుగు టీచర్‌గా మొదట్లో చాలా ఏళ్లు నేను పద్యం చెప్పిన పద్ధతి ఇదీ: రాగయుక్తంగా చదవడం, ప్రతిపదార్థం బోర్డు మీద రాయడం, భావం డిక్టేట్ చేయడం, గంట కొట్టేలోపు అలంకారం పేరు చెప్పి ముగించడం. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవాళ్లు, మార్కులూ వచ్చేవి. కానీ ఎప్పుడూ చూడని పద్యం చేతికిస్తే బిక్కమొహం వేసేవాళ్లు. నేను వాళ్లకు పద్యాల అర్థాలు ఇచ్చానే తప్ప, పద్యం చదవడం నేర్పలేదు.

అపోహ: భావం తెలిస్తే పద్యం అర్థమైనట్టే.

వాస్తవం: భావం గుమ్మం మాత్రమే. ఇల్లు లోపల ఉంది. అందరికీ నోటికొచ్చిన వేమన పద్యమే తీసుకుందాం.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

"ఉప్పు, కర్పూరం చూడటానికి ఒకేలా ఉన్నా రుచులు వేరు. అలాగే మనుషుల్లో పుణ్యపురుషులు వేరు." ఇది భావం. ఇందులో తప్పేమీ లేదు. ఇప్పుడు రెండో పాదంలో 'చూడ చూడ' తీసేసి 'కాని తినగ' అని పెట్టి బోర్డు మీద రాయండి: "కాని తినగ రుచుల జాడ వేరు". భావం మారలేదు. ఈ పద్యం ఛందస్సైన ఆటవెలది గణాలూ (పాదాన్ని కొలిచే అక్షర గుంపులు) సరిపోయాయి. మరి ఏం పోయింది? ఈ ఒక్క ప్రశ్న అడిగి నేను పక్కకు జరుగుతాను.

ముందు చెవికి తెలుస్తుంది. 'చూడ – జాడ' అన్న జత పోయింది. అదే ఆ పాదంలో ప్రాసయతి. పాదం మొదటి అక్షరానికి, మధ్యలో నియమిత స్థానంలో వచ్చే అక్షరానికి జత కుదరడం యతి; వాటికి బదులు వాటి పక్కనున్న అక్షరాలు (ఇక్కడ 'డ') కలిస్తే ప్రాసయతి. యతి అంటే ఏమిటో పుస్తకంలో చదివి మర్చిపోయిన పిల్లలకు, అది లేని పాదం వినిపించినప్పుడు బాగా తెలుస్తుంది. తర్వాత ఎవరో ఒకరు "ఒకసారి చూస్తే ఒకటే, మళ్లీ మళ్లీ చూస్తే వేరు. అందుకే రెండుసార్లు అన్నాడు" అంటారు. ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది: "రుచి నాలుకకు కదా తెలిసేది, చూడటం ఏమిటి సార్?" క్లాసు కాసేపు ఆలోచించింది. ఆ అమ్మాయే తేల్చింది: "మనం 'రుచి చూడు' అంటాం కదా!" కంటితో చూడటం, నాలుకతో చూడటం రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఎన్నో ఏళ్లు ఆ పద్యం చెప్పిన నాకు అది తట్టలేదు. మాట మార్చి చూడటం కంటే మంచి పద్ధతి నాకింతవరకు దొరకలేదు.

అపోహ: కవిత్వానికి ఎవరి అర్థం వాళ్లది, తప్పు ఒప్పులు ఉండవు.

వాస్తవం: ఉంటాయి. ఒక అర్థమే సరైనదని పట్టుబట్టడం ఎంత తప్పో, ఏం చెప్పినా ఒప్పేసుకోవడమూ అంతే తప్పు. ఇదే పద్యానికి ఒకరు "కర్పూరం గొప్పది, ఉప్పు తక్కువది" అన్నారు. ఇంకొకరు "ఉప్పు లేకపోతే అన్నమే సహించదు, అది తక్కువ ఎలా అవుతుంది?" అన్నారు. పద్యంలోకే వెళ్లి చూడమన్నాను. 'వేరు' అన్న మాట రెండుసార్లు ఉంది, 'ఎక్కువ' అన్న మాట ఒక్కసారీ లేదు. కానీ మూడో పాదంలో 'పుణ్య' అన్న మాట ఒకవైపు మొగ్గుతోంది. కాబట్టి వాదన నిలిచింది, ఇద్దరికీ ఆధారం దొరికింది. "తిండి విషయంలో జాగ్రత్తగా ఉండాలి" అన్న మూడో వ్యాఖ్యానం మాత్రం 'పురుషులందు' దగ్గరే పడిపోయింది. "ఏ మాటను బట్టి అంటున్నావు?" అని అడిగితే చాలు. చాలాసార్లు తప్పని నేను చెప్పాల్సిన పనే ఉండదు.

అపోహ: ముందు కవి పరిచయం, కాలం చెప్పాకే పాఠంలోకి వెళ్లాలి.

వాస్తవం: నేపథ్యం అవసరమే, కానీ ప్రశ్న పుట్టాక చెబితేనే అతుక్కుంటుంది. గురజాడ దేశభక్తి గీతంలో "ఈసురోమని మనుషులుంటే" అన్న చోట పిల్లలు ఆగుతారు. ఇంట్లో అమ్మ వాడే మాట పాఠంలో ఉందేమిటని వాళ్ల ఆశ్చర్యం. అప్పుడు చెప్పాలి: ఇది 1910లో రాసింది, పాఠాల్లో, పుస్తకాల్లో వాడుక భాష ఉండవచ్చా అన్నదే పెద్ద వివాదంగా ఉన్న రోజులవి. ఆ సంవత్సరాన్ని ముందే బోర్డు మీద రాసి ఉంటే అది బిట్ ప్రశ్నగా మిగిలిపోయేది.

అపోహ: అలంకారం గుర్తిస్తే విశ్లేషణ అయిపోయింది.

వాస్తవం: పేరు పెట్టడం వేరు, పని చెప్పడం వేరు. పోలిక చెప్పే ఉపమాలంకారంలోని నాలుగు భాగాలు, అంటే ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అన్నీ సరిగ్గా రాసిన విద్యార్థిని "మరి కవి ఈ పోలికే ఎందుకు తెచ్చాడు?" అని అడగండి. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది.

అపోహ: ఇంత విడదీస్తే ఆనందం పోతుంది.

వాస్తవం: ఆనందాన్ని చంపేది విడదీయడం కాదు, విడదీసి అలాగే వదిలేయడం. అందుకే చర్చ అయ్యాక పద్యం మళ్లీ ఒకసారి పూర్తిగా చదివిస్తాను. మొదటిసారి గబగబా చదివిన పిల్లలే ఇప్పుడు 'చూడ చూడ' దగ్గర తమంతట తామే నెమ్మదిస్తారు.

అపోహ: ఇదంతా పరీక్షకు పనికిరాదు, సిలబస్ పూర్తికాదు.

వాస్తవం: సమయం టెన్షన్ నాకూ ఉంది. అన్ని పద్యాలకూ ఇలా చేయలేను. యూనిట్‌కు రెండు పద్యాలు ఇలా చెప్పి, మిగతావి మామూలుగానే నడిపిస్తాను. కానీ అపరిచిత పద్యం ఇచ్చి ప్రశ్నలు అడిగినప్పుడు కంఠతా పట్టిన భావాలేవీ అక్కరకు రావు. మొదలుపెట్టాలనుకునే టీచర్లకు కష్టమైన భాగం ఒకటే: ప్రశ్న అడిగాక నోరు మెదపకుండా ఉండటం. మొదట్లో నాకు పది సెకన్లు కూడా భారంగా ఉండేవి, జవాబు నేనే చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు మనసులో ముప్పై వరకు లెక్కపెడతాను. ఇరవై దాటాక సాధారణంగా ఒక చెయ్యి లేస్తుంది.