జ్వరం వల్లే పిల్లలకి షుగర్ వస్తుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"పోయిన వారం జ్వరం వచ్చింది డాక్టర్ గారూ, దానివల్లే కదా?"

బిడ్డకి టైప్ 1 షుగర్ అని చెప్పగానే అమ్మానాన్నలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇది. రెండోది ప్రశ్న కాదు, తీర్పు. నాయనమ్మ గారు కోడలి వైపు చూసి "అన్ని చాక్లెట్లు పెడితే రాదా మరి" అంటారు. దానికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది: తీపి తింటే టైప్ 1 రాదు. మొదటి ప్రశ్నకి మాత్రం కాసేపు కూర్చుని మాట్లాడాలి.

అపోహ: పోయిన వారం వచ్చిన వైరల్ జ్వరమే షుగర్ తెచ్చిపెట్టింది.

టైప్ 1లో శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే క్లోమంలో (పాంక్రియాస్‌లో) ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపుతుంది. ఇది వారంలో అయ్యే పని కాదు. ఆ దాడికి గుర్తులైన యాంటీబాడీలు లక్షణాలకు నెలల ముందే, చాలామందిలో ఏళ్ల ముందే రక్తంలో కనిపిస్తాయి. మరి సరిగ్గా జ్వరం తర్వాతే ఎందుకు బయటపడింది? జ్వరంలో ఒంట్లో స్ట్రెస్ హార్మోన్లు పెరుగుతాయి. అవి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి కాబట్టి ఇన్సులిన్ ఇంకా ఎక్కువ కావాలి. మిగిలిన కాసిని కణాలు అంత బరువు మోయలేవు. చెదలు తిన్న దూలం గాలివానకి విరిగినట్టు అన్నమాట. ఆ వాన రాకపోయినా కొన్నాళ్లకి విరిగేదే.

ఇంకో సంగతి. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు కొందరు పిల్లల్లో షుగర్ కొద్ది రోజులు పెరిగి, తనంతట తనే తగ్గిపోతుంది. అది టైప్ 1 కాదు. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), యాంటీబాడీ పరీక్షలతో తేడా తెలుస్తుంది.

అపోహ: అయితే వైరస్‌కీ దీనికీ సంబంధమే లేదు.

ఇది కూడా తప్పే. అసలు అనుమానం పోయిన వారం వైరస్ మీద కాదు, ఏళ్ల కిందట ఆ చెదలు పట్టించిన వైరస్ మీద. అందరికన్నా ఎక్కువ అనుమానం పేగుల్లో పెరిగే ఎంటెరోవైరస్‌ల మీద, వాటిలోనూ కాక్సాకీ బి రకం మీద ఉంది. 1979లో అమెరికాలో షుగర్ ముదిరి చనిపోయిన పదేళ్ల బాబు క్లోమం నుంచి కాక్సాకీ బి4 వైరస్‌ను వేరుచేశారు. దాన్ని ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ షుగర్ వచ్చింది. తర్వాత నార్వేలో, షుగర్ కొత్తగా బయటపడిన ఆరుగురు పెద్దవాళ్ల క్లోమం నుంచి చిన్న ముక్క తీసి చూస్తే ఆరుగురిలోనూ ఎంటెరోవైరస్ ప్రోటీన్ కనిపించింది. (ఆపరేషన్‌లో చిక్కులు రావడంతో ఆ పరిశోధన ఆరుగురితోనే ఆపేశారు. క్లోమం మీద కత్తి పెట్టడం అంత తేలిక కాదు.)

నాకు బాగా నచ్చే ఆధారం టెడ్డీ అధ్యయనం. అమెరికా, ఫిన్లాండ్, జర్మనీ, స్వీడన్‌లలో జన్యుపరంగా రిస్క్ ఉన్న 8 వేలకు పైగా పిల్లలను పసితనం నుంచి గమనిస్తూ, వాళ్ల మలం నమూనాలను వరసగా పరీక్షించారు. 2019లో తేలింది ఇది: ఎంటెరోవైరస్ బి (కాక్సాకీ బి ఈ గుంపులోదే) వచ్చి నాలుగు రోజుల్లో పోయిన పిల్లల్లో కాదు, అదే వైరస్ వారాల తరబడి తిష్ఠ వేసిన పిల్లల్లో బీటా కణాల మీద దాడి ఎక్కువగా మొదలైంది. ఈ కాక్సాకీ బి వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే తలుపు లాంటి గ్రాహకం బీటా కణాల మీద ఉంది కూడా.

అయినా "వైరస్సే కారణం" అని నేను రాసివ్వను. ఎంటెరోవైరస్ సోకని పిల్లలు దాదాపు ఉండరు. టైప్ 1 వచ్చేది ఏ కొద్దిమందికో. జన్యువులు ఒక్కటే చాలవు, ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి వచ్చి రెండోవారికి రాని ఇళ్లున్నాయి. వైరస్ ఒక్కటీ చాలదు.

అపోహ: బడిలో హ్యాండ్-ఫుట్-మౌత్ వచ్చింది, ఇక షుగర్ వస్తుంది.

టెన్షన్ పడకండి. చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులు తెచ్చే ఆ జబ్బు ఎక్కువగా కాక్సాకీ ఎ రకాలతో వస్తుంది. ఇంటిపేరు ఒకటైతే గుణం ఒకటవ్వాలని లేదు. పోలియో వైరస్ కూడా ఈ ఎంటెరోవైరస్ వంశంలోదే.

అపోహ: టీకాల వల్ల వస్తుంది.

రాదు. నిజానికి షుగర్‌తో అందరికన్నా స్పష్టంగా ముడిపడిన వైరస్ రుబెల్లా. గర్భంలో ఉండగా అది సోకిన పిల్లల్లో కొందరికి తర్వాత షుగర్ వచ్చింది. దాన్ని ఆపేదే టీకా. మన రెండు రాష్ట్రాల్లో 2017లో బడుల్లో వేసిన ఎంఆర్ టీకాలో ఆర్ అంటే రుబెల్లాయే.

అపోహ: వైరస్‌కి మందు వాడితే ఇన్సులిన్ మానేయొచ్చు.

మందు ప్రయత్నం జరిగింది. కొత్తగా షుగర్ బయటపడిన 96 మంది పిల్లలతో చేసిన ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. ఆరు నెలలు రెండు యాంటీవైరల్ మందులు వాడినవాళ్లలో, ఏడాది తర్వాత సొంత ఇన్సులిన్ కాస్త ఎక్కువ మిగిలింది. ఆశ పెట్టుకోదగ్గ కబురే, కానీ ఇన్సులిన్ ఆపగలిగేంత కాదు. కాక్సాకీ బికి టీకా కూడా ఇంకా ప్రయోగాల్లోనే ఉంది.

ఇక్కడే నాకు కోపం తెప్పించే మాట ఒకటుంది. ఇన్సులిన్ మొదలుపెట్టాక కొన్ని వారాలు, నెలలు డోసు బాగా తగ్గిపోతుంది. దీన్ని హనీమూన్ దశ అంటాం. ఆ సమయంలో ఎవరో పసరు పోస్తారు, "చూశావా, తగ్గింది" అంటారు, సూది మానేస్తారు. కొన్ని రోజుల్లో పిల్ల ఐసీయూలో ఉంటుంది. జ్వరం వచ్చి ఏమీ తినకపోయినా సరే ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. డోసు ఎంతో డాక్టర్‌ని అడగండి.

అపోహ: వాంతులు, ఆయాసం ఉంటే వైరల్ జ్వరమో నెమ్మో అయ్యుంటుంది.

నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లాలు పేరుకుంటే వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస వస్తాయి. ఒక పాపకి వేరే చోట రెండు రోజులు నెమ్ముకి వైద్యం చేశారు, నీరసమని గ్లూకోజ్ కూడా ఎక్కించారు. మా దగ్గర వేలు గుచ్చి చూస్తే మీటర్ అంకె చూపించలేదు, "హై" అని మాత్రం చూపించింది, అంటే షుగర్ మీటర్ కొలవగలిగే హద్దు దాటిపోయింది. పాప కోలుకున్నాక వాళ్లమ్మని అడిగాను, అంతకుముందు ఏమైనా గమనించారా అని. "నెల రోజులుగా సీసాలకి సీసాలు నీళ్లు తాగుతోందండీ. పక్క తడపడం మానేసి మూడేళ్లయింది, మళ్లీ మొదలెట్టింది. బాత్రూమ్‌లో చీమలు పడితే ఫినాయిల్ పోశాను."