రేగడిలో దిగబడిన బండి: జాకీలు, వించీల గురించి అపోహలు – వాస్తవాలు

వానలు మొదలైన నాటి నుంచి నాట్లు ముగిసేదాకా నా ఫోను మోగని రోజు ఉండదు. మిర్యాలగూడ ఆయకట్టులో దమ్ము చేసిన మడిలోకి జారిన పికప్పు, డిండి దగ్గర వాగు ఇసుకలో చిక్కుకున్న జీపు, సోమశిల వద్ద కృష్ణ నీళ్లు వెనక్కి తగ్గాక మిగిలిన ఒండ్రులో ఇరుసు దాకా కూరుకుపోయిన కారు. పద్దెనిమిదేళ్లుగా ఇలాంటి బండ్లను బయటికి తీయడమే నా పని. చాలాసార్లు నేను వెళ్లేసరికి బురద చేసిన నష్టం తక్కువగానూ, సరిపడని పనిముట్టుతో, పట్టకూడని చోట పట్టి లాగడం వల్ల జరిగిన నష్టం ఎక్కువగానూ కనిపిస్తుంది. బండికి జరిగిన నష్టాన్ని డబ్బుతో సరిచేయవచ్చు. తెగిన తాడు తగిలిన మనిషిని సరిచేయలేం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: పది టన్నుల జాకీ ఉంటే ఏ బండైనా లేస్తుంది.

జాకీ మీద రాసి ఉన్న టన్నులు జాకీ బలానికి సంబంధించినవి. దాని కింద ఉన్న నేల సంగతి ఆ అంకె చెప్పదు. నూనె ఒత్తిడితో లేచే మామూలు బాటిల్ జాకీ అడుగు భాగం పొడవు, వెడల్పు పదేసి సెంటీమీటర్లు అనుకుందాం. అంటే 100 చదరపు సెంటీమీటర్లు. దాని మీద ఒక టన్ను బరువు పడితే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 10 కిలోలు పడుతుంది. తడిసిన నల్లరేగడి అందులో పదో వంతు మోయడమే గగనం. మీరు పిడి కొడుతూ ఉంటే బండి ఉన్నచోటే ఉంటుంది, జాకీ మాత్రం భూమిలోకి దిగిపోతుంది. అదే జాకీ కింద 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు ఉన్న మందపాటి తుమ్మ చెక్క వేస్తే ఒత్తిడి ఒక కిలో లోపుకు వస్తుంది. అప్పుడు బండి లేస్తుంది. పలుచని పలక పనికిరాదు, నడుమ విరుగుతుంది. రెండంగుళాల మందం తప్పనిసరి. ఈ చెక్కను నేను జాకీ కంటే ముందే బండిలో పెట్టుకుంటాను.

ఇంకో ఇబ్బంది ఎత్తు. పెద్ద బాటిల్ జాకీ పూర్తిగా దించినా దాదాపు 20 సెంటీమీటర్లు ఉంటుంది. ఇరుసు దాకా దిగిన బండి కింద అంత చోటు ఎక్కడిది? గడ్డపారతో గుంత తీయాలి, తీసిన గుంతలోకి నీళ్లు ఊరుతాయి. అలాంటప్పుడు సన్నగా దూరే రెండు టన్నుల కత్తెర జాకీయే ఆదుకుంటుంది. కాబట్టి కొనేటప్పుడు మూడు కొలతలు అడగండి: దించినప్పుడు ఎంత ఎత్తు, ఎత్తితే ఎంత ఎత్తు, అడుగు ఎంత వెడల్పు. టన్నుల సంగతి ఆ తరువాత చూడవచ్చు.

బాటిల్ జాకీని పక్కకు పడుకోబెట్టి తోయడానికి వాడేవారూ ఉన్నారు. లోపలి నూనె పంపుకు అందక చాలా జాకీలు ఆ స్థితిలో పనిచేయవు.

అపోహ: హైలిఫ్ట్ జాకీ ఒక్కటి ఉంటే మిగతావేవీ అక్కర్లేదు.

అమెరికా పొలాల్లో వందేళ్లకు పైగా వాడుకలో ఉన్న మంచి పనిముట్టు ఇది. నాలుగడుగుల కడ్డీ, సుమారు 13 కిలోల బరువు. ఎత్తుతుంది, అవసరమైతే మీటరు దూరం దాకా లాగుతుంది కూడా. కానీ అది పట్టుకోవడానికి ఇనుప బంపరో, గట్టి పక్క కడ్డీయో ఉండాలి. ఇప్పటి కార్లకు ఉన్నవి ప్లాస్టిక్ బంపర్లు. వాటి కింద ఈ జాకీ పెడితే బంపరు ఊడి చేతికి వస్తుంది. చక్రానికే తగిలించి ఎత్తే పట్టీ దొరుకుతుంది. అలాంటి బండ్లకు అదీ కొనాల్సిందే.

దీని అసలు ప్రమాదం పిడిలో ఉంది. బరువు మీద ఉన్నప్పుడు లోపలి పిన్ను సరిగా పడకపోతే పిడి సుత్తిలా పైకి ఎగిసి వస్తుంది. నాతో పనిచేసిన ఒక కుర్రవాడికి అలాగే దవడ ఎముక విరిగింది. ఆ రోజు పిన్నుల చుట్టూ రేగడి ఎండి గట్టిపడి ఉంది. పనికి ముందు కడిగి చూడాల్సిన బాధ్యత నాది, నేను చూడలేదు. అప్పటి నుంచి బురదలో వాడిన ప్రతిసారీ డీజిలుతో కడిగి, పలుచని నూనె వేసి, పిన్నులు చురుగ్గా కదులుతున్నాయో లేదో చేత్తో నొక్కి చూస్తాను. పిడి తిరిగే దారిలోకి తల రానివ్వకండి. వదిలి పక్కకు వెళ్లేటప్పుడు పిడిని కడ్డీకి ఆనించి నిలువుగా పెట్టండి. దించేటప్పుడూ జాగ్రత్త అవసరం: మీద కనీసం 70 కిలోల బరువు లేకపోతే అది మెట్టు మెట్టుగా దిగదు, ఒక్కసారిగా జారిపడుతుంది.

పొగ గొట్టానికి తగిలించి ఊదే గాలి సంచి జాకీ ఇసుకలో చక్కగా పనిచేస్తుంది. మన దగ్గర సర్కారు తుమ్మ ముళ్లే దానికి శత్రువు. పాత రబ్బరు చాప పరచకుండా దాన్ని విప్పకండి.

ఏ జాకీ అయినా ఎత్తడానికే ఉంది, ఎత్తిన బండిని మోస్తూ నిలబడటానికి కాదు. చక్రం కింద రాళ్లు పేర్చే వీలుంటే ముందు అది చేయండి. బండి కిందికి మాత్రం దూరకండి.

అపోహ: బండి మూడు టన్నులు, వించి నాలుగు టన్నులకు పైనే. ఇంకేం కావాలి?

వించి అంటే తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం. ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు కనుక లెక్క వేసి చూపిస్తాను. సరుకుతో కలిపి మూడు టన్నులున్న పికప్పు తారు రోడ్డు మీద దొర్లడానికి తన బరువులో చిన్న వంతు లాగుడు చాలు. ఇరుసు దాకా జిగట రేగడిలో దిగితే ఆ నేల పట్టు దాదాపు బండి బరువంత ఉంటుంది, అంటే మూడు టన్నులు. ముందున్నది 15 డిగ్రీల ఎత్తైన కాలువ గట్టు అయితే మరో పావు వంతు కలుస్తుంది. మొత్తం 3.75 టన్నులు.

ఇప్పుడు వించిని చూడండి. మార్కెట్లో ఎక్కువగా కనిపించే 9,500 పౌండ్ల విద్యుత్ వించి అంటే 4.3 టన్నులు. ఆ అంకె డ్రమ్ము మీద మొదటి వరుస తాడు మాత్రమే ఉన్నప్పటిది. తాడు వరుస మీద వరుస చుట్టుకునే కొద్దీ లాగే బలం పడిపోతుంది. పై వరుసలో దాదాపు మూడో వంతు తగ్గి 2.9 టన్నుల దగ్గర నిలుస్తుంది. బండి కదలదు, మోటారు వేడెక్కుతుంది, పూర్తి భారం మీద 400 ఆంపియర్లకు దరిదాపుగా కరెంటు గుంజి బ్యాటరీని చంపుతుంది.

అందుకే బండి పూర్తి బరువుకు ఒకటిన్నర రెట్లు ఉన్న వించి కొనాలని మా పనిలో లెక్క. అంతకంటే ముందు ఒక కప్పీ కొనండి. తాడును చెట్టు దగ్గరి కప్పీ మీదుగా తిప్పి మళ్లీ బండికే కడితే తాడు మీద పడే బరువు దాదాపు సగమవుతుంది. తాడు ఎక్కువ వదలాలి కనుక డ్రమ్ము కింది వరుసలకు వచ్చి వించి బలమూ పెరుగుతుంది. వేగం సగానికి తగ్గుతుంది, తగ్గనివ్వండి. తాడు మొత్తం విప్పేయకూడదు: ఇనుప తాడైతే ఐదు చుట్లు, సింథటిక్ తాడైతే పది చుట్లు డ్రమ్ము మీద మిగలాలి.

ఈ లెక్కలన్నిటికంటే చౌకైన ఉపాయం పార. చక్రాల ముందు మట్టి తీసి, ఇరుసు చుట్టూ పట్టు వదిలించి, టైర్ల గాలి 32 నుంచి 18 పీఎస్‌ఐకి దించితే, మూడు టన్నుల పట్టు సగానికి రావడం నేను ఎన్నోసార్లు చూశాను. రోడ్డెక్కాక గాలి మళ్లీ నింపుకోండి.

అపోహ: ఊళ్లో చైన్ పుల్లీ ఉంది కదా, దానితో లాగేద్దాం.

బోరు మోటారు ఎత్తే చైన్ పుల్లీ మన ప్రతి ఊళ్లో ఉంటుంది. అది నిలువుగా వేలాడుతూ పనిచేయడానికి తయారైంది. అడ్డంగా కడితే చేతి గొలుసు గాడి తప్పి బిగుసుకుపోతుంది. ఏ దిక్కుకైనా పనిచేసేది పిడి ఆడించి గొలుసు లాగే లివర్ బ్లాకు, లేదా టిర్ఫర్ అనే చేతి వించి. నాకు టిర్ఫర్ అంటే ప్రాణం. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, ముందుకూ వెనక్కూ ఏ కోణంలోనైనా వేలెడంత చొప్పున జరుపుతుంది. 1.6 టన్నుల రకానికి ఒక కప్పీ తోడైతే చాలా కార్లు బయటికి వస్తాయి. దాని లివర్‌లో భారం మించితే తెగిపోయే చిన్న పిన్నులు ఉంటాయి. అవి తెగితే మేకు కొట్టి పని కానిచ్చేవారిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఆ పిన్ను తెగిందంటే కప్పీ వేయమని అర్థం.

అపోహ: ట్రాక్టరు ఉండగా ఇవన్నీ ఎందుకు?

ట్రాక్టరు గొప్ప సాయం, నేనూ పిలుస్తాను. గొలుసును మాత్రం వెనుక కింద ఉండే డ్రాబార్‌కే కట్టాలి. పై లింకుకో, ఇరుసు కంటే పైనో కట్టి లాగితే ముందు చక్రాలు లేచి, కళ్లు మూసి తెరిచేలోపు ట్రాక్టరు వెనక్కి డ్రైవరు మీదికే తిరగబడుతుంది. గొలుసుతో జర్కు ఇవ్వకండి. జర్కు ఇచ్చి లాగడానికి సాగే నైలాన్ తాడు వేరే ఉంది. ఇటు బండి వైపు చాసిస్‌కు బిగించిన కొక్కేనికి కట్టాలి. ట్రైలరు తగిలించే గుండుకు కట్టకూడదు. అది విరిగితే తుపాకీ గుండులా దూసుకొస్తుంది.

అపోహ: పక్కన గట్టిగా కనిపించిన దేనికైనా కట్టవచ్చు.

కరెంటు స్తంభానికి వద్దు. బోరు కేసింగుకు అసలే వద్దు. ఒక రైతు లక్షలు పోసి వేయించుకున్న బోరు వంకర పోతే ఆ ఇంటి పంట పోతుంది. వేప చెట్టు మంచిది. వెడల్పాటి పట్టీని మొదట్లో, నేలకు దగ్గరగా చుట్టాలి. తాటి చెట్టుకు లోతైన తల్లి వేరు ఉండదు, పైగా అది గీత కార్మికుడి బతుకు. ఒట్టి తాడు దాని ఒంటిని కోయకూడదు. కప్పీతో తాడు దిక్కు మారుస్తుంటే చెట్టు మీద తాడు బిగువుకు రెట్టింపు దాకా పడుతుందని గుర్తుంచుకోండి. మా నల్లరాతి గుండ్ల అంచులు తాడును కత్తిలా కోస్తాయి. మధ్యలో గోనె సంచులు పెట్టండి. చెట్టూ రాయీ లేని చేలో స్టెప్నీ చక్రాన్ని లోతుగా పాతి దానికి కట్టవచ్చు.

సింథటిక్ తాడు తెగినా దెబ్బ తగలదని చెప్పేవారిని నమ్మకండి. ఇనుప తాడంత ఎగిసి కొట్టదు, నిజమే. కానీ దాని చివర ఉన్న షాకిల్ (తాడును తగిలించే పిన్ను ఉన్న కడియం), కొక్కెం ఇనుమే. తాడు మీద తడి గోనె సంచో, మందపాటి దుప్పటో వేసి, చోద్యం చూడటానికి వచ్చిన పిల్లలను తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం పంపించేదాకా నేను లివర్ మీద చేయి వేయను.